పాస్ కాని సూది

సంగారెడ్డి ఆసుపత్రి వరండాలో పడుకోబెట్టిన ముత్యమ్మకు మొహమంతా ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గురక. పక్కన కూర్చున్న ఆగమ్మ కొంగుతో విసురుతోంది కానీ ఆ మొహంలోకి చూడలేకపోతోంది.

"ఏం మందు ఇచ్చారు?" అని పొద్దున డాక్టరు ఆగమ్మను అడిగాడు. ఆ మందుకు పేరే లేదు. సీసా మీద అంకె మాత్రం ఉంది.

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో ఆగమ్మ రోజుకు మూడు రూపాయలకు సీసాలు కడిగేది. పంతొమ్మిది వందల డెబ్బై ఆరు ఎండాకాలంలో కెమిస్టు సూర్యారావు పిలిచి, పశువుల గ్రంథుల నుంచి తీసిన పెప్టైడ్ అనే సూదిమందు ఒకటుందనీ, కీళ్లనొప్పులు తగ్గుతాయనీ, వాడలోవాళ్లను తీసుకురమ్మనీ చెప్పాడు. ఆరుగురిని తెచ్చింది. దానికి మెచ్చి ఆమెను కూర్చుని చీటీలు అంటించే పనికి మార్చారు. ఆ మందును సర్కారు ఇంకా పాస్ చేయలేదని అక్కడే విన్నది. విన్న తర్వాతే ముత్యమ్మను తీసుకొచ్చి సూది వేయించింది. అది పడ్డాకే ముత్యమ్మకు ఇలా అయింది.

"నువ్వు చెప్తెనే వచ్చిన గదనే వదినె," అని ముత్యమ్మ గొణిగింది. ఆ మాటలో నింద లేదు. నింద ఉన్నా బాగుండేదనిపించింది ఆగమ్మకు.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. ముత్యమ్మ దగ్గర ఆమె పెనిమిటిని కూర్చోబెట్టి ఆగమ్మ బస్సెక్కింది.

సూర్యారావు ఒక కాగితం ముందుకు తోశాడు. "రేపు డ్రగ్ ఇన్‌స్పెక్టరు వస్తున్నారు ఆగమ్మా. ఇక్కడ ఎవరికీ సూదులు వెయ్యలేదని రాశాం. వేలిముద్ర వెయ్యి. మిగతావాళ్ల చేత కూడా నువ్వే వేయించాలి."

"పాస్ గాని మందని మీకు ముందుగాల్నే ఎర్కనా సారూ?"

ఆయన తలెత్తలేదు. "పాసవుద్దనే అనుకున్నామే. నాకూ పిల్లలున్నారు."

"నాకు గూడ నడుమల ఎర్కయింది. అయినా ముత్యమ్మను తోలుకొచ్చిన. కూసునే పని నిలవాల్నని ఆశపడ్డ." ఆమె కాగితాన్ని వెనక్కి తోసింది. "ఇగ నేను ఏలిముద్ర ఎయ్య. ఎవ్వరితోని ఏయించ."

"రేపటి నుంచి పని ఉండదు, తెలుసుగా?"

ఆగమ్మ బయటికి నడిచింది.

పొద్దు వాలకముందే వాడకు చేరింది. ఆరు గడపలకూ వెళ్లి నిజం చెప్పాలి. మొదటిది సోమమ్మ ఇల్లు. ఆమెను చూడగానే సోమమ్మ అరుగు దిగి, రవిక చేయి పైకి మడుచుకుంటూ నవ్వింది.

"ఇయ్యాల సూది దినమా అక్కా? జెర ఆగు, వస్తున్న."

ఆగమ్మ దగ్గరికి వెళ్లి, మడిచిన ఆ రవిక చేతిని కిందికి దించింది.