కవలల వాటా

నా తమ్ముళ్ళిద్దరూ కవలలు, పేర్లు ఎవరిస్తో, ఆన్సెల్మో. ఒకే ముఖం, ఒకే బట్టతల, వీయా క్రెస్పో పేటలో ఇద్దరికీ కలిపి ఒకే ఇనప సామాన్ల కొట్టు. ఆ చలికాలం ఎవరిస్తో మంచం పట్టాడు. కొట్టుకు వెళ్ళడు, గడ్డం గీసుకోడు, టీవీలో ఫుట్‌బాల్ వస్తుంటే గోడవైపు తిరుగుతాడు. బ్వేనస్ ఐరెస్‌లో మగవాడు ఫుట్‌బాల్‌కు వీపు పెట్టి పడుకున్నాడంటే డాక్టర్ని పిలవమని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎవరిస్తోకు అప్పటికే ఒక మనోవిశ్లేషకుడు ఉన్నాడు. మా ఊళ్ళో పెళ్ళాన్నైనా మారుస్తారు గాని విశ్లేషకుణ్ణి మార్చరు. ఆయన వీణ్ణి సోఫా మీద పడుకోబెట్టి, పోయిన మా అమ్మను ఏళ్ళ తరబడి తవ్వుతూనే ఉన్నాడు. కొత్తగా వచ్చిన సైకియాట్రిస్టు ఇరియార్తే అమ్మ జోలికే పోలేదు. "మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గిందండీ. ఇది బద్ధకం కాదు, జబ్బు" అని మాత్రలు రాసింది. ఆ మాటకు ఎవరిస్తో వెక్కి వెక్కి ఏడ్చాడు. నీ తప్పేం లేదని అంతవరకూ వాడితో ఎవరూ అనలేదు, నేను కూడా. ఆ ఒక్క మాటకు ఆవిడకు దండం పెట్టాలనిపించింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆన్సెల్మోను చూసి, "ఓ, కవలలా? ఇది రక్తంలో ఉంటుంది, మీరూ జాగ్రత్త" అని పోయింది.

ఆదివారాలు మేం ముగ్గురం కలిసి మాతే తాగుతాం. చిన్న సొరబుర్ర నిండా చేదు ఆకు, పోయడానికి ఫ్లాస్కులో వేడినీళ్ళు, పీల్చడానికి అందరికీ ఒకే ఇనప గొట్టం. నేను పోసి ఇస్తాను, తాగి నాకు తిరిగిస్తారు. ఇక చాలనుకున్నవాడు బుర్ర తిరిగిస్తూ "థాంక్స్" అంటాడు. ఏమీ అనకపోతే వాడి వంతు మళ్ళీ వస్తుంది. ఫ్లాస్కు ఖాళీ కాకుండా మా కవలలు థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు. ఆ ఆదివారం ఆన్సెల్మో గది గుమ్మంలోనే నిలబడి, గొట్టం ముట్టుకోకుండానే "థాంక్స్" అన్నాడు. పై ఆదివారం వాకిలి దాటి లోపలికి రాలేదు.

"చూశావా అక్కా, నన్ను చూస్తే వాడికి అసహ్యం" అన్నాడు ఎవరిస్తో. ఆ పూటనుంచి మాత్రలు మానేశాడు. ఎవరికోసం మింగాలట.

నాకు ఒళ్ళు మండింది. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. తిన్నగా వాకిట్లోకి వెళ్ళాను.

"ఏరా, లోపలికి రావేం?"

"వాడి ఎంగిలి గొట్టంతో నేను తాగలేను."

"రక్తంలో ఉందని భయం నీకు. ఎంగిలితో అంటుకుంటుందనీ భయమే. ఏదో ఒకదానికి భయపడి చావు, రెండూ కుదరవు."

"వెటకారం వద్దక్కా. అక్కడ పడుకుంది నా ముఖమే. పొద్దున్నే అద్దంలో చూసుకుంటున్నా, వచ్చేసిందా అని."

అప్పుడు వాణ్ణి చూస్తే జాలేసింది. గొంతు తగ్గించాను.

"కవలల్లో ఒకరికొస్తే రెండోవాళ్ళలో సగంమందికి కూడా రాదురా. అంతా రక్తమే అయితే అందరికీ రావాలిగా?"

"మరి ఆ సెరటోనిన్?"

"మాత్ర చాలామందికి పనిచేస్తుంది, అందుకే వాణ్ణి మింగమంటున్నా. కానీ ఆస్పిరిన్ వేసుకుంటే నీ తలనొప్పి పోతుంది కదా, తలలో ఆస్పిరిన్ తక్కువైందనా?"

"అంటే డాక్టరమ్మ అబద్ధం చెప్పిందా?"

"సగం చెప్పింది. ఇద్దరి రక్తం ఒకటే. కానీ పెళ్ళాం వెళ్ళిపోయింది వాడికి, నీకు కాదు. అది ఏ రక్త పరీక్షలో కనబడుతుందిరా?"

వాకిట్లోకి ఉన్న ఎవరిస్తో గది కిటికీ తెరిచి ఉందని నేను మర్చిపోయాను. లోపల్నుంచి ఎవరిస్తో గొంతు వినబడింది. వారాల తర్వాత వాడు కేక వేయడం అదే.

"ఒరేయ్ ఆన్సెల్మో! భయంతోనా నువ్వు రానిది?"

"మరింకేమనుకున్నావురా?"

మంచం కిర్రుమంది.

"అమ్మ మనిద్దరికీ కలిపి ఒకటే వాటా ఇచ్చిందనుకో. అది నేను తీసేసుకున్నానులేరా. నీకేం మిగల్లేదు, లోపలికి రా."

శాస్త్రం ప్రకారం ఆ జవాబుకు సున్నా మార్కులు వేయాలి. నేను వేయలేదు.

ఆన్సెల్మో ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. ఎవరిస్తో తాగి ఇచ్చిన బుర్రలో మళ్ళీ నీళ్ళు పోసి వాడి చేతికిచ్చాను. గొట్టం వంక ఒకసారి చూసి, అడుగంటా పీల్చాడు. బుర్ర తిరిగిచ్చాడు, ఏమీ అనలేదు. ఎవరిస్తో మాత్ర కోసం నావైపు చెయ్యి చాపాడు.

వసంతం వచ్చేసరికి ఎవరిస్తో గడ్డం గీసుకున్నాడు. మాత్ర పనిచేసిందని డాక్టరమ్మ అంటుంది. అమ్మ వదిలిందని విశ్లేషకుడు అంటాడు. నన్నడిగితే తెలియదనే చెబుతాను. ఆన్సెల్మో అద్దంలో వెతుక్కోవడం పూర్తిగా మానలేదు. కానీ ఆదివారం ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా ఆ నోట థాంక్స్ రాదు.