చప్పుడు లేని పెట్టె

రేడియో అత్తయ్య ఇంట్లో కొత్త వస్తువు ఎప్పటికీ కొత్తగానే ఉండాలి. ఫ్రిజ్ తలుపుకు కంపెనీవాళ్ళు అతికించిన కాగితం నేటికీ చెక్కుచెదరలేదు, రిమోట్ సంచిలోంచి బయటికి రాలేదు, కూర్చునే కుర్చీకి ప్లాస్టిక్ తొడుగు తీసిందే లేదు. వచ్చినవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటే నవ్వుకోనీండి, వస్తువు మీద గీత పడిందా? లేదు కదా. వీధివాళ్ళు ఆవిడకు ఆ పేరు పెట్టింది మాత్రం గొంతు విని. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి, ఇంట్లోనే రికార్డు చేసి పంపడం ఆవిడ పని. ఆ గొంతంటే ఆ పిల్లలకు ప్రాణం.

ఇప్పుడు ఆ పనికే ఎసరొచ్చింది. పాత కంప్యూటర్ ఆన్ చేస్తే పిండిమర పెట్టినట్టుండేది. పాఠం వెనక ఆ రొద వినిపిస్తోందనీ, మర్నాడు సాయంత్రానికల్లా రొద లేని నమూనా పంపకపోతే ఈ ఏటి పుస్తకాలు వేరేవాళ్ళకు ఇస్తామనీ బడివాళ్ళు మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెబితే మాత్రం పోయేది పోకుండా ఉంటుందా?

విడిభాగాలు కొని కొత్త కంప్యూటర్ పెట్టె తనే కూర్చిపెడతానని కూతురు ముందుకొచ్చింది. పొద్దున్నే ముగ్గురూ దుకాణానికి వెళ్ళారు. మూడోవాడు రేడియో అత్తయ్య తమ్ముడు. ఆయనకు తెలియని సంగతంటూ లేదు, అడక్కపోయినా చెబుతాడు.

"కొంటే అన్నిటికంటే పెద్ద ప్రాసెసర్ కొనాలి. దానికి నీళ్ళతో చల్లబరిచే కూలర్ పెట్టాలి. లేకపోతే మళ్ళీ ఇదే గోల," అన్నాడాయన.

"అమ్మ చదివేది పాఠం మామయ్యా, రాకెట్ నడపట్లేదు," అంది మేనకోడలు. "పెద్దది కరెంటు ఎక్కువ తాగుతుంది, తాగిందంతా వేడిగా కక్కుతుంది. వేడి పెరిగితే ఫ్యాన్ అరుస్తుంది. నీళ్ళ కూలర్‌కి పంపు ఉంటుంది, దాని గుయ్‌మనే మోత ఇంకోటి. ఈ మధ్యరకం ప్రాసెసర్ అంత వేడెక్కదు. అమ్మ పనికి ఇది చాలు, ఇంకా మిగులుతుంది కూడా."

ప్రాసెసర్‌తో పాటు ఓ బుల్లి కూలర్ ఊరికే వస్తుందన్నాడు దుకాణదారు. కూతురు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేసింది. చిన్న ఫ్యాన్ గబగబా తిరగాలి కాబట్టి గోల చేస్తుందట, పెద్ద ఫ్యాన్ నింపాదిగా తిరిగినా అంత గాలీ ఇస్తుందట. చవకలోనే ఉన్న ఓ పెద్ద ఫ్యానున్న పొడవాటి గాలి కూలర్ ఎంచుకుని, అమ్మ కుట్టుపెట్టెలోంచి తెచ్చిన టేపుతో దాని ఎత్తు కొలిచింది. ఆనక పెట్టె పక్క తలుపు మూతపడాలిగా మరి. అంతవరకూ తమ్ముడి మొహం చూసి మాట్లాడుతున్న దుకాణదారు కూతురి వైపు తిరిగి, "మీరు చెప్పండి మేడమ్," అన్నాడు. రేడియో అత్తయ్య పొంగిపోయింది.

ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద అన్నీ పరిచారు. కూలర్ అడుగున అంటించిన, గాజులా కంటికి ఆనని పల్చటి ప్లాస్టిక్ పొరను కూతురు ఊడదీసి పక్కన పెట్టింది. ఇంతలో ఎవరో తలుపు కొడితే లేచి వెళ్ళింది. రేడియో అత్తయ్య చూసింది. తళతళా మెరిసే కొత్త లోహం, ఒంటిమీద ఏ ఆచ్ఛాదనా లేకుండా. ఆవిడ ప్రాణం ఒప్పలేదు. ఆ పొరను అందుకుని, బుడగ రాకుండా వేలితో నిమురుతూ, అసలు ఎవరూ తీయలేదన్నంత చక్కగా మళ్ళీ అతికించింది.

కూతురు వచ్చి ప్రాసెసర్ మీద పెసరగింజంత పేస్టు పెట్టి, కూలర్ బిగించి, ఆన్ చేసింది. కాసేపు బాగానే ఉంది. ఆ తర్వాత ఫ్యాన్ అందుకుంది చూడండి, పాత కంప్యూటరే నయం అనిపించింది.

మామయ్య చంకలు గుద్దుకున్నాడు. "నేను చెప్పలా? లేవండి, పెద్దదీ నీళ్ళదీ తెచ్చేద్దాం."

"నా లెక్కే తప్పిందేమో," అంది కూతురు. ఆ మాటతో పిల్ల మొహం చిన్నబోయింది. "ప్రాసెసర్ వేడి ఆ పేస్టులోంచి నేరుగా కూలర్ అడుగుకి పోవాలి. మధ్యలో ఏదీ అడ్డం లేదు కదా, మరెందుకిలా..."

రేడియో అత్తయ్యకు అప్పుడు వెలిగింది, తను చేసిందేమిటో. ఇప్పుడు నోరు విప్పిందా, తమ్ముడు జన్మంతా ప్రతి పెళ్ళిలోనూ ఈ కథే చెబుతాడు. విప్పకపోతే, దుకాణంలో అంత ధీమాగా నిలబడ్డ పిల్ల తన తెలివినే అనుమానించుకుంటుంది. ఇందులో ఆలోచించడానికేముంది?

"మధ్యలో ప్లాస్టిక్ ఉంటే?" అంది.

"ఉండదమ్మా, నా చేత్తో తీశాను."

"నేను మళ్ళీ అతికించాను. గీతలు పడతాయని. నీ లెక్కలో తప్పేం లేదే, తప్పంతా నాది."

తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. కూతురు కోప్పడలేదు. కూలర్ విప్పి, పొర పీకేసి, పేస్టు తుడిచి, మళ్ళీ పెట్టి బిగించింది.

"ఇంకా ఆన్ చేయలేదేం?" అన్నాడు మామయ్య.

"ఎప్పుడో చేశాను."

ఆయన వంగి పెట్టెకు చెవి ఆనించాడు. ఏ మోతా లేదు. దీపం వెలుగుతోందా అని వెనక్కి జరిగి చూశాడు. 

ఆవిడ కుర్చీలో కూర్చుని ఓ పేజీ చదివింది. కూతురు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, భృకుటి ముడిచింది. "ఏదో చప్పుడుందమ్మా."

"అదిగో," అంటూ మామయ్య మళ్ళీ నిటారుగా అయ్యాడు.

కూతురు ఇంకోసారి విని నవ్వింది. "పెట్టెది కాదు. నువ్వు కదిలినప్పుడల్లా కరకరమంటోంది, కుర్చీ తొడుగు. ఇన్నాళ్ళూ ఆ రొదలో వినపడలేదంతే."

రేడియో అత్తయ్య లేచింది. కుట్టుపెట్టెలోంచి కత్తెర తెచ్చి, తొడుగును ఈ చివర నుంచి ఆ చివర దాకా చీల్చి లాగేసింది. తమ్ముడు ముక్కున వేలేసుకున్నాడు.

"అక్కా, గీతలు పడతాయేమో."

"పడనీరా," అందావిడ. "నా కూతురు కూర్చిన పెట్టే నోరు మూసుకుని పనిచేస్తోంది. దీని ముందు నా కుర్చీ వాగడమేంటి?"

ఇన్నేళ్ళకు మొదటిసారి తన కుర్చీ బట్టమీద వెనక్కి ఆనుకుని కూర్చుంది. కిటికీలో ఇంకా ఎండ ఉంది, బడివాళ్ళ గడువు దాటలేదు. కూతురు వేలెత్తి సైగ చేయగానే పాఠం మొదటినుంచి అందుకుంది.