పై ఊరి దారి

వెంకన్న గేటు కర్రను పైకెత్తి, జీపు దాటగానే మళ్ళీ దించి తాడు బిగించాడు. పట్నం నుంచి వచ్చిన అతిథులెవరో రేంజర్‌తో కలిసి అడవిదున్నల్ని చూడటానికి కొండెక్కుతున్నారు. కిష్టారం దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలోనే వచ్చి ఈ నేషనల్ పార్కులో వాచర్‌గా చేరాడు వెంకన్న. ఇప్పుడు ఖాకీ చొక్కా భుజాల దగ్గర వెలిసిపోయింది, కుడి మోకాలు సరిగ్గా వంగదు.

జీపు వెళ్ళిన దారిలోనే అతని భార్య పొజ్జే పుట్టిన ఊరుండేది. పార్కు వచ్చాక ఊరు ఖాళీ చేయించడంతో గుడిసెలన్నీ రోడ్డు పక్కకి దిగివచ్చాయి. కొర్ర చేలలో గడ్డి పెరిగి, దున్నలు మేస్తున్నాయి. గస్తీకి పోయినప్పుడల్లా వెంకన్న ఆ చోటు చూసేవాడు. మీ చింతచెట్టు తొర్రలో కొండగోరింకలు పిల్లలు పెట్టాయని ఇంటికొచ్చి చెప్పేవాడు. పొజ్జే చేతిలో పని ఆపి వినేది. చనిపోయిన తల్లి పేరున పాతిన రాయి నిలబడే ఉందా అని అడిగేది. ఒక్కసారి తీసుకుపొమ్మనేది. రూల్ ఒప్పదనేవాడు. ఉద్యోగం పోతుందని అతని భయం. ఇప్పపూలు రాలే ప్రతి వేసవీ ఆమె అడిగింది, ప్రతిసారీ అతను అదే మాట చెప్పాడు.

పోయిన చలికాలం నుంచి ఆమెకు ఆయాసం. మందులు పనిచేయలేదు. పూలు రాలుతున్నా ఈ ఏడు ఆమె ఏమీ అడగలేదు. అదే అతనికి గుచ్చుకుంది.

మధ్యాహ్నం జీపు దిగివచ్చినప్పుడు టోపీ తీసి, పొజ్జేని ఆమె ఊరికి తీసుకుపోవచ్చా అని హిందీలో తడబడుతూ తెలుగు రాని రేంజర్‌ని అడిగేశాడు. రేంజర్ వింతగా చూశాడు. పుట్టిన చోటు చూసుకోడానికి అడ్డేముంది, రేపు పొద్దున్నే జీపు పంపిస్తాను, ఇన్నేళ్ళూ ఎందుకడగలేదన్నాడు.

వెంకన్న గేటు కర్ర ఎత్తి జీపుని పంపించాడు. కాదన్నది ఇన్నేళ్ళూ తనే.

పొద్దువాలే వేళకి ఇల్లు చేరాడు. పొజ్జే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. రేంజర్ అన్నది దాచకుండా చెప్పాడు.

“అయితే నువ్వు ఎన్నడూ అడగనే లేదా?” అంది.

“భయమైంది పొజ్జే.”

ఆమె కోప్పడలేదు.

“పొద్దుగాల్నే పోదాం. ఎండెక్కితే నాకు ఆయాసమైతది” అంది.

తెల్లవారుతుండగా జీపు వచ్చి వాకిట్లో ఆగింది. వెంకన్న ఆమె భుజం తట్టి లేపబోయాడు. ఒళ్ళు చల్లబడి ఉంది. డ్రైవర్ సుక్రాం లోపలికి తొంగిచూసి, వెనక్కి వెళ్ళి ఇంజన్ ఆపేశాడు.

రాత్రి ఆమె ఎప్పుడు లేచి కాచిందో, తల్లి రాయి దగ్గర పోయడానికి అంబలి నింపిన సొరకాయ బుర్ర గుమ్మం పక్కన ఉంది. దాని మూతికి మడిచి పెట్టిన మోదుగాకు ఇంకా తడి ఆరలేదు.