గంగాధర చౌరస్తా దగ్గర తీసిన ఫొటో

శుక్రవారం పొద్దున వందన పుంటికూర తెంపుతుంటే భర్త సదానందం ఫోన్ వచ్చింది. షార్జాలో అతనికి సెలవు ఆ రోజే. వారానికోసారి రేకుర్తిలోని తన ఇల్లంతా వీడియో కాల్‌లో చూసుకుంటాడు. నీళ్ల ట్యాంకు నిండిందా, గేటు తాళం మార్చారా, వరండాలో స్కూటర్ మీద కవర్ సరిగ్గా ఉందా. అన్నీ చూస్తాడు, ఫోన్ పట్టుకున్న మనిషిని తప్ప. ఈ వారం మాత్రం ఏమీ చూపించమనలేదు. తనే ఒక ఫొటో పంపాడు. వందన ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, తడి వేలి కొసతో దాన్ని తెరిచింది.

స్కూటర్ మీద ఇద్దరు ఆడవాళ్లు, వెనక నుంచి తీసింది. ఇద్దరికీ హెల్మెట్లున్నాయి. నంబరు ప్లేటు చుట్టూ ఎర్ర గీత. మంగళవారం పదకొండు గంటలకు గంగాధర చౌరస్తా దగ్గర, డెబ్బై ఒక్క కిలోమీటర్ల వేగం. బండి కొన్నప్పుడు మరిది శ్రీహరి ఫోన్ నంబరే ఇచ్చారు కాబట్టి చలాన్ అతనికి వచ్చింది. అతను అన్నకు పంపాడు.

"ఎవలో మన నంబర్ ఏసుకొని తిరుగుతున్నరు. నీకేమో సైకిలే రాకపాయె, శ్రీహరేమో నేను బండి ముట్టలే అంటుండు. ఇగ గా ఎనక కూసున్న ముసల్దాన్ని సూడు, మొగోని లెక్క రెండు దిక్కుల కాళ్లేసి కూసున్నది. ఎవని తల్లో."

గడప దగ్గర చింతపండులో గింజలు తీస్తున్న అత్త లస్మవ్వ చెయ్యి ఆగిపోయింది. వందన పుంటికూర ఆకొకటి నోట్లో వేసుకుని గట్టిగా కొరికింది, నవ్వు బయటికి రాకుండా. ఆ ముసలామె లస్మవ్వే. ముందు కూర్చుని నడుపుతున్నది వందన.

సదానందం అప్పటికే అంతా తేల్చేశాడు. చలాన్ కట్టేది లేదు. అది మన బండి కాదని దరఖాస్తు ఇవ్వాలి. నాలుగింటికి శ్రీహరి వచ్చి దరఖాస్తునూ బండినీ తీసుకుని ట్రాఫిక్ ఠాణాకు పోతాడు. వాళ్లకు చూపించాక బండిని అటునుంచి అటే అమ్మకానికి పెడతాడు. ఎవరూ నడపని బండి కవర్ కింద ఉండి ఏం లాభం? "దరఖాస్తు నువ్వే రాయి, డిగ్రీ చదివినవ్ గదా" అని ఫోన్ పెట్టేశాడు.

పదిహేనేళ్లుగా ఆ డిగ్రీ ఇలాంటి పనులకే గుర్తొస్తుంది. రేషన్ కార్డులో పేరు తప్పు పడితే వందన రాయాలి. పొలం కాగితాలకు, శ్రీహరి లోనుకు వందన రాయాలి. కింద సంతకం ఎవరో ఒక మగవాడిది. స్కూటర్ కూడా అలాగే ఆమె మెడకు చుట్టుకుంది. రెండేళ్ల కింద సెలవులో వచ్చి బండి కొన్న సదానందం, బ్యాటరీ పోకుండా వారానికోసారి స్టార్ట్ చేయమని తమ్ముడికి చెప్పి పోయాడు. తమ్ముడు రెండు వారాలు చేశాడు. ఆ ఇంట్లో ఎవరికీ పట్టని పని చివరికి వందన పనే అవుతుంది. అయితే మిగతా పనులన్నీ ఆమెను వంటింట్లోనే తిప్పేవి, ఇదొక్కటీ గేటు దాటించింది. మొదట వరండాలో స్టార్ట్ చేసి ఆపేది. ఒకనాడు స్టాండు తీసి గల్లీ చివరిదాకా పోయి వచ్చింది. అన్నం తిని ఊరంతా కునుకు తీసే వేళ ఖాళీ ప్లాట్లలో తిరిగింది, తర్వాత బైపాస్ మీదికి పోయింది. ఆమెది చాటు పనైనా తప్పుగా చేసే స్వభావం కాదు, అందుకని పరీక్ష రాసి, ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి చూపించి లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఎన్నో దరఖాస్తులు రాసిన చేతితో, మొదటిసారి ఒక దరఖాస్తు కింద తన సంతకం పెట్టింది.

ఇదంతా కిటికీలోంచి చూసిన మనిషి లస్మవ్వ ఒక్కతే. చూసి ఊరుకుంది. మోకాళ్ల నొప్పి తగ్గితే కొండగట్టు అంజన్నను చూడాలని ఆమె మొక్కు. తొమ్మిది వారాలు శ్రీహరిని అడిగింది, తొమ్మిది వారాలూ అతనికి పనే. పదో మంగళవారం కోడలి దగ్గరికి వచ్చి, నువ్వే తీస్కపోరాదు బిడ్డా అంది. హైవే మీద ఒకపక్కకు కూర్చుంటే జారిపోతారని వందన ఆమెను రెండు వైపులా కాళ్లేసి కూర్చోబెట్టింది. మొదటి రెండు మైళ్లు లస్మవ్వ కళ్లు మూసుకుని అంజన్న పేరు తలచింది. గంగాధర దగ్గర పడేసరికి కళ్లు తెరిచి, ప్రతి ఆటో మనల్ని దాటుడేందని కోడల్ని నిలదీసింది. డెబ్బై ఒకటి అలా వచ్చింది.

అంట్లు తోమి, బట్టలు ఆరేసి, రెండింటికి వందన కాగితం ముందు కూర్చుంది. దరఖాస్తు సదానందం పేరు మీద కాబట్టి అతని మాటగానే రాయాలి. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారికి నమస్కారాలు, బండి నంబరు, తేదీ, అన్నీ చకచకా వచ్చాయి. తర్వాతి వాక్యం: ఫొటోలో ఉన్న స్త్రీ నా భార్య కాదు, నా భార్యకు బండి నడపడం రాదు. 'నా భార్యకు' దగ్గర కలం నిలిచిపోయింది. అతను అబద్ధం రాయమనలేదు. నిజమనుకునే రాయమన్నాడు. అదే ఆమెకు గుచ్చుకుంది. పదిహేనేళ్లు కాపురం చేసిన మనిషినీ, కన్నతల్లినీ వెనక నుంచి చూసి పోల్చుకోలేకపోయాడు. ఎందుకంటే, వాళ్లు ఎక్కడికైనా పోతారని అతని ఊహలో కూడా లేదు. ఈ కాగితం నెగ్గితే నడిపేవాళ్లు లేరని బండి పోతుంది. చలాన్ కడితే నడిపేవాళ్లు ఉన్నారని లొల్లి అవుతుంది. లొల్లి తర్వాత కూడా బండి పోవచ్చు. అయినా, బండి నడిపే వందన అనే మనిషే లేదని వందన చేతే రాయించడం మాత్రం ఆమెకు మింగుడు పడలేదు.

లస్మవ్వ వచ్చి పక్కన కూర్చుంది. "రాసియ్యి బిడ్డా, ఎందుకచ్చిన పరేషాన్" అంటూనే ఫొటో చూపించమంది. రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసి, చాలాసేపు చూసింది. "నడుం మంచిగనే నిలబెట్టిన గదా" అంది. అంతలోనే, "ఎవని తల్లో అన్నడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. నవ్వు అయ్యాక కళ్లు తుడుచుకుని చెప్పింది: "నీ ఇష్టం. నువ్వెట్లంటే నేను గట్లనే."

వందన కాగితం మడిచి పక్కన పెట్టింది. ఫోన్‌లోనే చలాన్ కట్టేసింది. తర్వాత శ్రీహరికి రావద్దని ఫోన్ చేసి, ఆ తర్వాత షార్జాకు చేసింది. ఆమె తనంతట తాను అక్కడికి ఫోన్ చేయడం అరుదు.

"రాసినవా?" అన్నాడు సదానందం.

"రాయలే. చలాన్ కట్టిన."

"మనది గాదంటుంటే ఎందుకు కట్టినవే?"

"మనదే. ముందట ఉన్నది నేను. ఎనక కూసున్నది మీ అవ్వ."

"డెబ్బై ఒకటా?" అన్నాడు సదానందం, మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు, నమ్మలేకపోవడమే ఉంది. కోపం ఆ తర్వాత గుర్తొచ్చింది. "ఎవర్నడిగి పోయిన్రు?"

చెప్పడానికి వందన దగ్గర చాలా ఉన్నాయి. అత్త మోకాళ్లు, శ్రీహరి తొమ్మిది వారాలు, లైసెన్సు తీసుకున్న తేదీ. పొద్దుటి నుంచీ అన్నీ వరసగా పేర్చుకుని పెట్టుకుంది. ఇప్పుడు చూస్తే, అందులో ఒక్కటీ అవసరమనిపించలేదు.

"ఎవర్నీ అడగలే. బండి ఇంట్లనే ఉంటది. ఆదివారం దాని మీదనే సుల్తానాబాద్, మా అవ్వగారింటికి పోతున్న" అంది. "అడుగుతలేను, చెప్తున్న."