నడుములో సూది

“నెత్తి నొప్పి ఎవలకు లేదు? నేను గుడ్డ గట్టుకోని పదిమందికి వండిన,” అనేది అత్తగారు లక్ష్మీకాంతమ్మ. అందుకని సృజన కూడా తలకు చున్నీ బిగించుకుని, శామీర్‌పేట ఇంటి మేడ మీద పావురాల గూళ్లు ఊడ్చేది. ప్లాట్ల బేరాల నడుమ భర్త హరీష్‌కు పావురాలు ఓ సరదా. పెంచేది ఆయన, రెట్టలు ఎత్తేది ఆమె. నెలల తరబడి తల పగిలిపోతోందంటే “మళ్ల షురూ జేసినవా?” అనేవాడు. వంటింట్లో వాంతి చేసుకుని పడిపోయిన రోజున గానీ మేడ్చల్ ఆసుపత్రికి కారు కదల్లేదు.

నడుములో సూది గుచ్చి తీసిన నీటిలో జబ్బు దొరికింది. మెదడు పొరలకు ఫంగస్ పట్టిందట. చాలా అరుదు, పావురాల రెట్టల నుంచి వచ్చి ఉండొచ్చు అంది డాక్టరమ్మ. రోజూ సెలైన్‌లో ఎక్కించే మందుకు సృజన పళ్లు టకటకలాడేలా వణికిపోయేది. అయినా ఆమె మనసులో నిలిచింది ఆ వణుకు కాదు. నీళ్లు తీసిన పూట తల తేలికైపోయింది. అంటే ఇన్నాళ్ల నొప్పి నిజమే, నకరాలు కాదు! సంతోషంతో ఏడుపొచ్చింది. తన నొప్పిని తనే ఎప్పుడు నమ్మడం మానేసిందో ఆమెకు గుర్తులేదు.

నాలుగు రోజులకు తలలో ఒత్తిడి మళ్లీ పెరిగింది. ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తున్నాడు.

“మళ్లీ నీళ్లు తీయాలి. ఇంకా కొన్నిసార్లు తీయాల్సి రావచ్చు. లేకపోతే చూపు పోతుంది,” అంది డాక్టరమ్మ, హరీష్ వైపు చూస్తూ.

“గోలీలతోని తగ్గదా మేడం?” అన్నాడు హరీష్.

లక్ష్మీకాంతమ్మ అడ్డుపడింది. “వద్దమ్మా. మాటిమాటికి నడుముల సూది గుచ్చితే రేపు వంగి పని జేస్తదా? ఇల్లెవలు జూడాలె?”

ప్లాటు బేరమాడినట్టు తన నడుము గురించి మాట్లాడుకుంటున్నారు. చూపు పోతే తను ఎట్లా బతుకుతుందని ఒక్కరి నోటా రాలేదు. సృజనకు ఒళ్లు మండిపోయింది.

“సూది గుచ్చేది నాకు మేడం. నన్నడుగుండ్రి.” గొంతు పీలగానే వచ్చింది, కానీ ఆగలేదు. “తీయుండ్రి. ఎన్నిసార్లయినా సరే.”

“అమ్మ జెప్పేది ఇనవా?” అన్నాడు హరీష్.

“ఇన్నేండ్లు ఇన్న.”

డాక్టరమ్మ తల్లీకొడుకులిద్దర్నీ బయటికి పంపింది. సృజన పక్కకు తిరిగి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంది.

“బాగా వంగాలమ్మా. వంగగలవా?”

సృజనకు నవ్వొచ్చింది. “వంగుడు అలవాటే మేడం. నాకోసం వంగుడే కొత్త.”