బల్ల మీద అరచేతులు

అయిపోయింది, చివరి మాట కూడా అనేశాను, ఇక ఎవరో ఒకరు దగ్గాలి కదా, కనీసం ఒక కుర్చీ అయినా కిర్రుమనాలి కదా, ఇంతమంది ఉన్న గదిలో ఈ నిశ్శబ్దమేమిటి, పరీక్ష హాలు నయం, అంత చెత్తగా మాట్లాడానా, నిన్నంతా హాస్టల్ గోడకు చెప్పి చెప్పి కంఠతా పట్టాను, గోడ బుద్ధిగానే విన్నది, చెడిపోయిన లిఫ్టు సంగతి చెప్పాను, పాఠాల వీడియోల కింద అక్షరాలు వెయ్యాలన్నాను, వికలాంగ విద్యార్థులకంటూ ఒక గది, విశ్వవిద్యాలయ కమిటీలో ఒక కుర్చీ, అన్నీ అన్నాను, మరి ఎవరూ పలకరేం, ఫ్యాను లేని గదిలో ఈ గాలి మాత్రం ఎక్కణ్ణుంచో మొహానికి తగులుతోంది.

వద్దు మొర్రో అంటూనే ఉన్నాను, మధ్యాహ్నం విశ్వవిద్యాలయం పెద్దల ముందుకు అందరి తరఫునా ఒక్కరే రావాలన్నారట, అందుకే ముందు మావాళ్ళ ముందు ఈ రిహార్సలు, చక్రాల కుర్చీని స్కూటరులా తోలే మా సీనియర్ బండి అక్క, నువ్వే వెళ్ళవే, నీ గొంతుకి మైకు దండగ అంది, నేను పుట్టుగుడ్డిని, మెట్లు నన్నేం చేస్తాయి, పరుగున ఎక్కేస్తాను, మెట్ల ముందు ఆగిపోవడం ఎలా ఉంటుందో నాకేం తెలుసు, మాస్టారు బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదాలు కనబడక కబుర్లమ్మకి ఎంత పాఠం పోతుందో నాకేం తెలుసు, ఆ పిల్లకి చెవులు వినబడవు, చేతులు మాత్రం క్షణం ఊరుకోవట, అందుకే ఆ పేరు, నీ చదువు నువ్వు చూసుకో తల్లీ, అందరి బరువూ నీకెందుకు అని అమ్మ ఫోనులో అననే అంది, అమ్మ మాట వినాల్సింది, ఈ మాటలు నావి కావని వీళ్ళందరికీ తెలిసిపోయింది, ఇప్పుడెలా కూర్చోను.

అయ్యో, మన బుద్ధి తగలెయ్య, అంది బండి అక్క ఉన్నట్టుండి, ఒసేయ్, చప్పట్లు కొడుతున్నామే, ఎక్కడ కొడుతున్నారక్కా అన్నాను, గాల్లో, చేతులు పైకెత్తి ఊపుతున్నాం, చెవులు వినబడనివాళ్ళ పద్ధతి ఇది, నువ్వు జ్వరంతో పడుకున్న వారం కబుర్లమ్మ మాకందరికీ నేర్పింది, ఎంత గట్టిగా ఊపుతున్నామో తెలుసా, నీకు కనబడదని ఒక్కరికీ గుర్తు రాలేదే, అంది, గది గదంతా పగలబడి నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వుతూనే ఆ మాట దగ్గర ఆగిపోయాను, ఒక్కరికీ గుర్తు రాలేదట, నేను గుడ్డిదాన్నని, బస్సులో, బ్యాంకులో, బంధువుల ఇళ్ళల్లో, ఆఖరికి నిద్రలో కూడా అమ్మ మరచిపోని సంగతిని వీళ్ళింతమంది ఒక్కసారిగా మరచిపోయారు, ఎంత ఆశ్చర్యం, ఎంత హాయి.

అందరూ ఎందుకు నవ్వుతున్నారో కబుర్లమ్మకి తోడుగా వచ్చిన ఆమె చెల్లెలు చేతులతో చెప్పినట్టుంది, కబుర్లమ్మ గబగబా వచ్చి నా రెండు అరచేతులూ పట్టుకుని పొడవాటి బల్ల మీద ఆనించింది, ధన్‌మని ఒక్క దెబ్బ వేసింది, ఇంకో చెయ్యి, ఇంకో చెయ్యి, బండి అక్క కుర్చీని బల్లకాలికి గుద్దుతోంది, చెవులున్న వాళ్ళకి మోత, లేనివాళ్ళకి వణుకు, నాకు రెండూ, వేళ్ళలోంచి మోచేతుల్లోకి, గుండెల్లోకి ఎక్కుతోంది, ఇదేం చప్పుడు దేవుడా, ఇంతకుముందు ఎక్కడా లేని చప్పుడు, మేం తప్పు చెయ్యకపోతే పుట్టేదే కాదు, చిన్నప్పుడు టీచరు ఇప్పుడు మనమందరం బోర్డు చూద్దాం అంటే ఆ మనంలో నేను లేనని తల దించుకునేదాన్ని, ఇంతసేపూ వికలాంగ విద్యార్థులు, వికలాంగ విద్యార్థులు అంటూ పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పింది కూడా నేనే, మెట్ల సంగతి నాకు తెలియకపోతే అక్కకి తెలుసు, పెదాల సంగతి కబుర్లమ్మకి తెలుసు, ఏమే, వెళ్తావా మరి, అంటోంది అక్క, వెళ్తానక్కా, ఒక్క మాట మార్చుకుని వెళ్తాను, వచ్చింది నువ్వొక్కదానివేగా అని వాళ్ళు అంటే అననీ, తలుపు తీసుకుని లోపలికెళ్ళి, మేము వచ్చాం అంటాను.