గడ్డకట్టిన నూనె

తెల్లారేసరికల్లా కల్లంలో మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరడం మొదలుపెట్టాను. ఇంటికొచ్చేసరికి స్కూలు ఆటో వేళయింది.

కోతల రోజుల్లో మా ఆవిడ మల్లేశ్వరి పొయ్యి పక్కన కొబ్బరినూనె కరిగించి ఉంచేది. గుమ్మం బయటే నా దోసిట్లో పోసి, కాయల ఘాటు పోయేదాకా చేతులు రుద్దుకోమనేది. అప్పటిదాకా పిల్లల్ని ముట్టుకోనిచ్చేది కాదు. మొన్న గుంటూరులో రెండో కీమో ఎక్కించాక మంచం దిగడం లేదు.

సబ్బుతో రెండుసార్లు కడుక్కుని చాల్లే అనుకున్నాను. సబ్బుకి ఘాటు పోదని నాకు తెలీదా? పుట్టింది మిరప చేలోనే కదా, వెధవని!

చిన్నది లిఖితకి జడ వేస్తుంటే, "అమ్మ వేస్తే నొప్పెట్టదు" అని ఏడ్చింది. చేత్తో కళ్ళు తుడిచాను. అంతే, కెవ్వుమని నేలమీద పడి దొర్లింది.

"చేతులకి నూనె రాశారా అండీ?" లోపల్నుంచి మల్లేశ్వరి గొంతు. లేవబోయి, లేవలేక మంచంపట్టె పట్టుకుని ఏడ్చింది.

తొమ్మిదేళ్ళ ధనశ్రీ చెల్లెలి కళ్ళు నీళ్ళతో కడిగింది. లోపలికెళ్ళి వాళ్ళమ్మ ముఖం తుడిచింది. వెనకాలే వెళ్ళి మల్లేశ్వరిని పట్టుకోబోయాను.

"నువ్వు ముట్టుకోకు నాన్నా! బయటికి నడువ్."

గుమ్మం బయట దోసిలి పట్టాను. ధనశ్రీ నూనె సీసా వంచింది, కుదిపింది, అడుగున కొట్టింది. చలికి గడ్డకట్టిన నూనె కదల్లేదు.

"అమ్మ ఎట్టా కరిగించేది నాన్నా?"

వీధిలో ఆటో హారన్ కొడుతూనే ఉంది.